పాత కంప్యూటరుకు కొత్త ఊపిరి: తక్కువ వనరులకు తగిన లినక్సు ఎంపిక

పాత వస్తువును పారవేయడానికి తెలుగు ఇల్లాలికి సులభంగా మనసొప్పదు. చిరిగిన చీర బొంతగా మారుతుంది. చిల్లిపడిన బిందె మాటు వేయించుకొని మళ్ళీ నూతిగట్టుకు చేరుతుంది. ఖాళీ అయిన హార్లిక్సు సీసా పోపుదినుసులకు నిలయమవుతుంది. సముద్రాలు దాటి వచ్చినా ఈ అలవాటు పోలేదనడానికి సాక్ష్యం కావలసినవారు న్యూజెర్సీలోనో, డల్లాసులోనో, లండను శివార్లలోనో ఏ తెలుగువారి గరాజు అరలనైనా పరిశీలించవచ్చు. పిల్లలు కాలేజీలో వాడిన ల్యాప్‌టాప్ ఒకటి, దానికి ముందటి చిన్న నెట్‌బుక్ ఒకటి, ఇంటికి మొట్టమొదట కొన్న డెస్క్‌టాప్ ఒకటి అక్కడ దుమ్ము పట్టి కనిపిస్తాయి. వాడుకలో లేకపోయినా వాటిని వదలివేయడానికి ఎవరికీ చేతులు రావు.

2025 అక్టోబరు 14వ తేదీతో ఈ అరల మీద మరికొన్ని యంత్రాలు చేరాయి. 2015లో వెలువడిన విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ మద్దతును ఆనాటితో ముగించింది. గృహ వినియోగదారులకు కొన్ని షరతులపై ఒక ఏడాది పొడిగింపు ప్రకటించినా, అది తాత్కాలిక ఉపశమనమే. తరువాతిదైన విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వస్థలం, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరానికి ముందువి దాదాపుగా అన్నీ దాని అధికారిక జాబితాకు వెలుపలే మిగిలిపోయాయి. చక్కగా పనిచేస్తున్న యంత్రం ఒక తేదీ కారణంగా నిరుపయోగమైపోవడం న్యాయమేనా అన్న ప్రశ్న సహజం. అటువంటి యంత్రాలలో చాలావాటికి లినక్సు రూపంలో మరొక జీవితం ఉంది. అయితే అది ఏ లినక్సు అన్నది యంత్రాన్ని బట్టి నిర్ణయించుకోవలసిన విషయం.

యంత్రం ముసలిదవుతుందా?

కంప్యూటరు మనిషివలె వయసు మీరి నెమ్మదించదు. 2012లో సెకనుకు ఎన్ని గణనలు చేయగలిగిందో, దుమ్ము దులిపి తెరిస్తే నేడూ దాదాపు అన్నే చేయగలదు. పెరిగినది దాని మీద మోపిన బరువు. ఈ విషయాన్ని వంటింటి ఉపమానంతో అర్థం చేసుకోవచ్చు. ప్రాసెసరు పొయ్యి. ర్యామ్ అనే తాత్కాలిక స్మృతి వంటగట్టు. హార్డుడిస్కు కొట్టుగది. గట్టు విశాలంగా ఉంటే కావలసిన దినుసులన్నీ చేతికి అందుబాటులో ఉంటాయి. గట్టు ఇరుకైతే ఒక డబ్బా తీయాలంటే మరొక డబ్బాను కొట్టుగదిలో పెట్టి రావాలి. పొయ్యి ఎంత చురుకుగా మండినా వంట మాత్రం ముందుకు సాగదు.

ఈ రాకపోకలకు పట్టే కాలం ఎంతో అంకెలలో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ర్యామ్ నుంచి ఒక అంశాన్ని అందుకోవడానికి సుమారు సెకనులో కోటో వంతు పడుతుంది. తిరిగే పళ్ళెంగల హార్డుడిస్కులో సూది ఆ చోటికి జరిగి చదవడానికి సుమారు సెకనులో నూరో వంతు పడుతుంది. రెంటికీ తేడా దాదాపు లక్ష రెట్లు. ర్యామ్ నిండిపోయి డిస్కును ఆశ్రయించవలసి వచ్చిన క్షణాన యంత్రం స్తంభించినట్లు అనిపించడానికి కారణం ఇదే. కనుక తక్కువ వనరుల కంప్యూటరుకు నిర్వాహక వ్యవస్థను ఎంచుకోవడమంటే, గట్టు మీద తాను తక్కువ చోటు ఆక్రమించి, వంటకు ఎక్కువ చోటు మిగిల్చేదానిని ఎంచుకోవడమే.

ఒకే బియ్యం, వేరువేరు భోజనాలు

1991లో ఫిన్‌లాండులోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన 386 కంప్యూటరు కోసం ఒక కెర్నెల్‌ను, అనగా నిర్వాహక వ్యవస్థకు గుండెకాయ వంటి భాగాన్ని రాయడం ప్రారంభించాడు. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి అంకురార్పణ చేశాడు. ఆ ఉద్యమం తయారుచేసిన ఉపకరణాలు, ఈ కెర్నెల్ జతపడగా ఎవరైనా వాడుకోదగిన, మార్చుకోదగిన, ఇతరులకు పంచిపెట్టదగిన వ్యవస్థ ఏర్పడింది.

కెర్నెల్ ఒక్కటే ఉంటే ఇల్లాలికి వట్టి బియ్యం ఇచ్చినట్లు. దానికి కూర, పప్పు, పచ్చడి చేర్చి విస్తరి వడ్డించినదే డిస్ట్రిబ్యూషన్, వాడుకలో డిస్ట్రో. 1993లో స్లాక్‌వేర్, డెబియన్ మొదలయ్యాయి. 2004లో డెబియన్ పునాదిగా ఉబుంటు, 2006లో లినక్స్ మింట్ వచ్చాయి. అన్నిటిలోనూ బియ్యం ఒకటే. వెలిగించగానే కనిపించే తెర, కిటికీలు, పట్టీలు, వెనుక నిశ్శబ్దంగా నడిచే సేవలు మాత్రం వేరు. బరువు తేడా అంతా అక్కడే ఉంటుంది.

తెరను తీర్చిదిద్దే ఈ భాగాన్ని డెస్క్‌టాప్ వాతావరణం అంటారు. గ్నోమ్ అనేది అందమైనదే గాని, ఏ పనీ మొదలు పెట్టకముందే గిగాబైటు దరిదాపుల్లో ర్యామ్ తీసుకొంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అందులో సగం పైచిలుకుతో సరిపెట్టుకొంటుంది. ఎల్‌ఎక్స్‌క్యూటీ మరికొంత పొదుపు. వాతావరణం అనే ఆర్భాటమే లేకుండా ఐస్‌డబ్ల్యూఎం వంటి కిటికీల నిర్వాహకితో మాత్రమే నడిచేవి అన్నిటికన్నా మితాహారులు. ఈ అంకెలు కూర్పును బట్టి మారుతూ ఉంటాయి, కాని వరుసక్రమం సాధారణంగా ఇదే.

ముందుగా మూడు ప్రశ్నలు

పెళ్ళిసంబంధం చూసేముందు గోత్రం అడిగినట్లు, డిస్ట్రోను చూసేముందు యంత్రాన్ని మూడు ప్రశ్నలు అడగాలి.

మొదటిది: ప్రాసెసరు 32 బిట్లదా, 64 బిట్లదా? 2008లో నెట్‌బుక్‌లలో విరివిగా వాడిన ఇంటెల్ ఆటమ్ ఎన్270 కేవలం 32 బిట్లది. 2010లో వచ్చిన ఎన్450 64 బిట్లను నడపగలదు. పైకి ఒకేలా కనిపించే రెండు చిన్న యంత్రాల భవిష్యత్తు ఈ ఒక్క అంశంతో వేరైపోతుంది.

రెండవది: ర్యామ్ ఎంత, ఇంకా పెంచే వీలుందా? పాత ల్యాప్‌టాపులలో చాలావాటికి అడుగున చిన్న మూత ఉంటుంది. దానిని తెరిస్తే ర్యామ్ పలకను మార్చుకొనే చోటు కనిపిస్తుంది.

మూడవది: లోపల ఉన్నది తిరిగే హార్డుడిస్కా, ఎస్‌ఎస్‌డీయా? హార్డుడిస్కు తీసి సాటా రకం ఎస్‌ఎస్‌డీ అమర్చడం వలన కలిగే మార్పు, ఏ డిస్ట్రోను మార్చడం వలన కలిగే మార్పుకన్నా ఎక్కువగా కంటికి కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీలో జరగవలసిన సూది లేదు కనుక కొట్టుగది గట్టుకు బాగా దగ్గరకు వచ్చినట్లవుతుంది. ఇది మంచి భోజనానికి అయ్యే ఖర్చుతో ముగిసే వైద్యం.

మూసుకొంటున్న తలుపు

32 బిట్ల యంత్రాల విషయంలో నిజాన్ని దాచడం తగదు. 32 బిట్లతో లెక్కించగల చిరునామాలు 429 కోట్ల పైచిలుకు మాత్రమే, అనగా 4 గిగాబైట్లు. ప్రపంచం ఆ పరిధిని ఏనాడో దాటింది. గూగుల్ క్రోమ్ 2016లోనే 32 బిట్ల లినక్సును విడిచింది. ఉబుంటు కుటుంబంలో 2018 అక్టోబరు కూర్పు తరువాత 32 బిట్ల స్థాపన ప్రతులు నిలిచిపోయాయి. 2023 జూన్ నాటి డెబియన్ 12 వరకు ఆ సౌకర్యం ఉన్నది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో 32 బిట్ల స్థాపన ప్రతి లేదు. ఆ మరుసటి నెలలోనే, 32 బిట్ల లినక్సుకు ఫైర్‌ఫాక్స్ మద్దతు 2026తో ముగుస్తుందని మొజిల్లా ప్రకటించింది.

దీని అర్థం ఆ యంత్రాలు నేటితో చచ్చిపోయాయని కాదు. వాటికి ఇంటర్నెట్‌తో సంబంధం క్రమంగా సన్నగిల్లుతుందని మాత్రమే. అటువంటి యంత్రం మీద రాసుకోవడం, చదువుకోవడం, పాటలు వినడం సాగుతాయి. బ్యాంకు లావాదేవీలు మాత్రం సాగించరాదు.

ఎవరికి ఏది తగును?

4 గిగాబైట్ల ర్యామ్, 64 బిట్ల ప్రాసెసరు ఉన్న యంత్రానికి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు తగినది. మింట్‌కు కనీసం 2 గిగాబైట్లు ఉండాలనీ, సుఖంగా నడవడానికి 4 కావాలనీ దాని రూపకర్తలే చెబుతారు. విండోస్‌కు అలవాటు పడిన పెద్దలకు ఎడమవైపు కింది మూలన జాబితా, దిగువన పట్టీ కనిపించడంతో కొత్తదనం బెదిరించదు. జుబుంటు, ఎంఎక్స్ లినక్స్ కూడ ఈ కోవలోనివే.

2 గిగాబైట్ల యంత్రానికి లుబుంటును పరిశీలించవచ్చు. 2018 అక్టోబరు నుంచి ఇది ఎల్‌ఎక్స్‌క్యూటీ వాతావరణంతో వస్తున్నది. కొంచెం ఓపిక గలవారు డెబియన్‌నే తీసుకొని స్థాపన సమయంలో ఎల్‌ఎక్స్‌క్యూటీని ఎంచుకొంటే ఇంకా పొదుపుగా అమరుతుంది.

ఒక గిగాబైటుకు దిగితే యాంటీఎక్స్ ముందు వరుసలో నిలుస్తుంది. గ్రీసు దేశంలో పుట్టి, డెబియన్ పునాదిగా పెరిగిన ఈ డిస్ట్రో ఐస్‌డబ్ల్యూఎం సహాయంతో 256 మెగాబైట్లున్న యంత్రాన్ని సైతం లేపగలదు. 2023లో వెలువడిన 23వ కూర్పు 32 బిట్లకు కూడ లభించింది. దీనికి తోడుగా చెప్పుకోదగినది పప్పీ లినక్స్. 2003లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ మొదలు పెట్టిన పప్పీ మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది. హార్డుడిస్కు పాడైన యంత్రంలో సైతం ఒక యు.ఎస్‌.బి. కడ్డీతో పని సాగించవచ్చు. అయితే పప్పీలో వినియోగదారుడు సర్వాధికారిగానే పనిచేస్తాడు. తెలియక చేసిన పొరపాటుకు అడ్డుగోడ ఉండదని గుర్తుంచుకోవాలి.

ఇంకా కిందికి పోతే టైనీ కోర్ ఉన్నది. కిటికీలతో కూడిన దాని ప్రతి మొత్తం 23 మెగాబైట్లే, ఒక పాటల ఆల్బముకన్నా చిన్నది. ఇది అద్భుతమే గాని, తొలిసారి లినక్సు చూసేవారికి కాదు. వట్టి నేల మీద ఇల్లు కట్టుకోగలిగినవారికే ఇది ఉపయోగం.

ఇక్కడ తరచుగా జరిగే ఒక పొరపాటును ప్రస్తావించాలి. యంత్రం పాతది కనుక లినక్సు కూడ పాత కూర్పే వేయాలని కొందరు భావిస్తారు. పదేళ్ళనాటి కూర్పు తేలికగా నడవవచ్చు. కాని దానికి భద్రతా సవరణలు రావు, నేటి వెబ్‌సైట్లు దానిలోని బ్రౌజరులో తెరుచుకోవు. తేలికైనది వేరు, కాలం చెల్లినది వేరు. నేటికీ సవరణలు అందుకొంటున్న కూర్పును తేలికైన వాతావరణంతో వేసుకోవడమే సరియైన మార్గం.

అసలు బరువు ఎక్కడున్నది?

వ్యవస్థ 200 మెగాబైట్లతో లేచినా, బ్రౌజరు తెరవగానే లెక్క మారిపోతుంది. ఒక వార్తాపత్రిక పుట, ఒక వీడియో పుట, ఒక ఉత్తరాల పుట తెరిస్తే గిగాబైటు దాటిపోవడం మామూలే. ఏ డిస్ట్రో కూడ వెబ్‌పుటల బరువును తగ్గించలేదు. చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రకటనలను అడ్డుకొనే చిన్న ఉపకరణాన్ని బ్రౌజరుకు చేర్చవచ్చు. ఒకసారికి ఒకటి రెండు పుటలకన్నా తెరవకుండా ఉండవచ్చు. జెడ్‌ర్యామ్ అనే సదుపాయాన్ని వాడవచ్చు. ఇది ర్యామ్‌లో వెంటనే అవసరం లేని అంశాలను కుదించి అక్కడే ఉంచుతుంది. ఎండాకాలపు పరుపులను చుట్టచుట్టి గది మూలన పెట్టినట్లు, కొట్టుగదికి పోయే పని తగ్గుతుంది. ప్రాసెసరుకు కొంత శ్రమ పెరిగినా మొత్తం మీద లాభమే.

వేసిచూసిన తరువాతే నిర్ణయం

లినక్సులోని గొప్ప సౌలభ్యం, ఇంట్లోకి తీసుకురాకముందే పరీక్షించే అవకాశం. డిస్ట్రో ప్రతిని యు.ఎస్‌.బి. కడ్డీ మీదికి ఎక్కించి, దాని నుంచే యంత్రాన్ని వెలిగించవచ్చు. స్థాపించుమని ఆజ్ఞ ఇచ్చేవరకు హార్డుడిస్కు మీదున్నది మారదు. ఈ సమయంలో వైఫై అందుతున్నదా, శబ్దం వస్తున్నదా, కెమెరా పనిచేస్తున్నదా, మూత మూసి తెరిస్తే యంత్రం మేలుకొంటున్నదా అని వరుసగా చూసుకోవాలి. పాత ల్యాప్‌టాపులలో ఎక్కువగా మొరాయించేది వైఫై. డెబియన్ 12 నుంచి అవసరమైన ఫర్మ్‌వేరు స్థాపన ప్రతిలోనే చేర్చడంతో ఈ చిక్కు బాగా తగ్గింది.

స్థాపనకు ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. ఆ డిస్కులో ఉన్న ఫోటోలు, ఉత్తరాలు, ధ్వనిముద్రికలు మరొక చోటికి, వీలైతే రెండు చోట్లకు, నకలు తీయాలి. స్థాపన సమయంలో డిస్కును తుడిచివేయుమన్న ఒక్క మీటతో పాప అన్నప్రాశన ఫోటోలు, గతించిన తాతగారి కంఠస్వరం శాశ్వతంగా పోగలవు. యంత్రం మరొకటి వస్తుంది గాని అవి రావు.

తెలుగు మాటేమిటి?

బరువు తగ్గించడానికి చిన్న డిస్ట్రోలు భారతీయ భాషల ఫాంట్లను వదలివేయడం కద్దు. అప్పుడు తెలుగు పుట తెరిస్తే అక్షరాలకు బదులు ఖాళీ చతురస్రాలు కనిపిస్తాయి. భయపడనవసరం లేదు. డెబియన్ కుటుంబంలో ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ చేర్చుకొంటే లోహిత్ తెలుగు మొదలైన ఖతులు వచ్చి చేరుతాయి. గూగుల్‌వారి నోటో తెలుగు ఖతి కూడ ఉచితంగానే లభిస్తుంది.

రాయడానికి ఐబస్ అనే ఉపకరణం, దానికి తోడుగా ఎమ్17ఎన్ సంపుటి ఉన్నాయి. అందులో ఇన్‌స్క్రిప్టుతో పాటు ఆర్‌టీఎస్ పద్ధతి కూడ చేరి ఉంది. హ్యూస్టను నగరంలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీదుగా రైస్ లిప్యంతరీకరణగా ప్రసిద్ధమైన ఆ పద్ధతి ప్రవాసాంధ్రులకు పాత చుట్టమే. తొంబదులలో ఇంటర్నెట్‌లో తెలుగు రాసుకొన్న తరం దానితోనే రాసింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్సును తీర్చిదిద్దింది. సీ-డ్యాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు తెలుగుతో సహా భారతీయ భాషలకు చోటు కల్పించింది.

మూడు యంత్రాల కథ

గరాజు అర మీది మూడు యంత్రాల వద్దకు తిరిగి రావచ్చు. 2012 నాటి ఐ3 ల్యాప్‌టాపులో 4 గిగాబైట్ల ర్యామ్ ఉంది. దానికి ఒక ఎస్‌ఎస్‌డీ, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అమరిస్తే, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మగారు ఉదయాన్నే తెలుగు పత్రిక చదువుకోవడానికీ, ఊళ్ళో ఉన్న చెల్లెలితో ముఖాముఖి మాట్లాడడానికీ సరిపోతుంది. మధ్యాహ్నమంతా అల్లుడు, కూతురు ఆఫీసులలో, మనుమలు బడిలో ఉండగా, పరాయి దేశపు నిశ్శబ్దంలో ఆమెకు అది చిన్న తోడు కాదు.

ఒక గిగాబైటు ర్యామ్ గల ఎన్270 నెట్‌బుక్‌కు యాంటీఎక్స్ వేస్తే తాతగారు తన జ్ఞాపకాలను ఆర్‌టీఎస్ పద్ధతిలో టైపు చేసుకోవచ్చు. ఇంటర్నెట్ లేకపోయినా ఆ పనికి లోటు లేదు.

మూడవదైన 2004 నాటి పెంటియం 4 డెస్క్‌టాప్ సంగతి వేరు. 512 మెగాబైట్ల ర్యామ్ గల ఆ పెట్టెలో టైనీ కోర్ నడవకపోదు. కాని దాని ప్రాసెసరు ఒక్కటే నూరు వాట్ల దాకా విద్యుత్తు తాగుతుంది. అంత ఖర్చుతో అది చేయగల పనిని పక్కనున్న నెట్‌బుక్ కొద్ది వాట్లతో చేసి పెడుతుంది. దానిని గౌరవంగా సాగనంపడమే మేలు. సాగనంపడమంటే చెత్తబుట్టలో వేయడం కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పోగు చేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. వాటిలో సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి పంపినట్లు నమోదైనది 22.3 శాతమే. డిస్కును తీసి ఉంచుకొని, మిగిలిన పెట్టెను ఊరిలోని ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించడం పద్ధతి.

స్వదేశానికి వెళ్ళేటప్పుడు ఊరి బడికని పాత ల్యాప్‌టాపులు పెట్టెలో సర్దుకొనేవారు కూడ ఈ వివేచననే పాటించవలసి ఉంటుంది. 64 బిట్ల ప్రాసెసరు, కనీసం 4 గిగాబైట్ల ర్యామ్ ఉండి, తెలుగు ఫాంట్లతో, నిలకడగల డిస్ట్రోతో, పనిచేసే బ్యాటరీతో, చార్జరుతో సహా అందజేసిన యంత్రం బహుమతి అవుతుంది. అవి లేనిది అక్కడి ఉపాధ్యాయులకు మరొక అటక సామాను మాత్రమే అవుతుంది. ఒక శనివారం మధ్యాహ్నం, ఒక యు.ఎస్‌.బి. కడ్డీ, ఇంటిలోని పిల్లల సహాయం ఉంటే, ఏది ఏ కోవకు చెందుతుందో సాయంకాలంలోగా తేలిపోతుంది.